అరిగి గుండ్రమైపోయిన చదరపు తల: ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 డ్రెయిన్ ప్లగ్‌ల మార్పిడి

బండి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3. 1967 నుంచి 1970 దాకా ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారైన 1296 సీసీ మోడల్. చేయాల్సిన పని పైకి చిన్నదే. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె), మూడింటి ఆయిల్ మార్చాలి. చిక్కంతా ఆయిల్ రంధ్రాలు మూసే ప్లగ్‌లతోనే. మూడు చోట్లా చదరపు తల ఉన్న టేపర్ (కొన వైపు సన్నబడే) ప్లగ్‌లే ఉన్నాయి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు చాంబర్ ప్లగ్‌కి నాలుగు మూలలూ పోయి తల గుండ్రమైంది. గేర్‌బాక్స్ ప్లగ్‌కి రెండు మూలలు మిగిలాయి. డిఫరెన్షియల్ లెవెల్ ప్లగ్ (ఆయిల్ పోసి, మట్టం చూసే చోటిది) తుప్పు పట్టి కాస్టింగ్‌లో, అంటే పోత ఇనుప పెట్టెలో, కలిసిపోయినట్టుంది. చాంబర్ ప్లగ్ అంచున తెల్ల టేపు పోగులు వేలాడుతున్నాయి, వాటి వెంట ఆయిల్ చుక్కలుగా దిగుతోంది.

పాత మద్రాసు బండ్లు బాగుచేసినవాళ్లకు ఈ ప్లగ్‌లు కొత్తవి కావు. స్పిట్‌ఫైర్‌ని ట్రయంఫ్ హెరాల్డ్ భాగాల మీదే కట్టారు. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది. ఆ బండి ఇంకా షెడ్డులో ఉన్నవాళ్లకు ఇక్కడ రాసినదాంట్లో చాలాభాగం పనికొస్తుంది. 1974 చివర్లో వచ్చిన ఎంజీ మిడ్జెట్ 1500లో ఉన్నదీ ట్రయంఫ్ 1493 సీసీ ఇంజనే కాబట్టి, ఆ బండివాళ్లు కూడా ముందు తమ ప్లగ్ ఏ రకమో చూసుకోవాలి.

తల ఎందుకు పాడైంది

చదరపు తలకు నాలుగే మూలలు. పానా పట్టు మొత్తం ఆ మూలల మీదే పడుతుంది. ఈ బండి ప్లగ్ తల అసలు కొలత 7/16 అంగుళం, అంటే 11.11 మి.మీ. 11 మి.మీ. పానా దాని మీద ఎక్కదు. 12 వదులుగా ఎక్కి, జోరుగా తిప్పగానే మూలలు కోసుకుంటూ జారుతుంది. స్క్రూ పానా పట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే దాని దవడ బరువు పడేసరికి కొద్దిగా తెరుచుకుంటుంది. 12 కోణాల రింగ్ పానా కూడా సరిపోదు. ఆరు పలకల తలకోసం కోసిన పళ్లు చదరం మూలను అంచున మాత్రమే తాకుతాయి. ఈ తలకు కావలసింది 4 లేక 8 కోణాల సాకెట్. 8 కోణాల 7/16 సాకెట్ దొరికితే సగం కష్టం అక్కడితో తీరుతుంది.

ఇంత బలం పెట్టాల్సిన అవసరం అసలు ఎందుకు వచ్చింది? ప్లగ్ టేపర్ కాబట్టి. మామూలు డ్రెయిన్ బోల్టుకు తల కింద వాషర్ ఉంటుంది, తల వాషర్ మీద ఆనగానే ఇక తిరగదు. టేపర్ ప్లగ్‌కు ఆనే చోటే లేదు. 16కి 1 వంతున లావెక్కుతూ పోయి, మరల మధ్యే బిగుసుకుని ఆయిల్‌ని ఆపుతుంది. చుక్క కారినప్పుడల్లా ఇంకో పావు చుట్టు బిగిస్తే అది చీలమేకులాగా లోపలికి దిగుతుంది. చాంబర్‌కు అతికిన బాస్ (ప్లగ్ మర ఉన్న మందపు ముక్క) రేకు నుంచి విడవడం మొదలుపెడుతుంది. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ పోత ఇనుముతో చేసినవి, వాటికైతే పగులే వస్తుంది. ఈ బండి మీద నలుగురైదుగురు అలా బిగించిన గుర్తులు ఉన్నాయి.

విప్పేముందు మరను గుర్తించడం

విప్పడంకన్నా ముందు తేలాల్సిన విషయం మర ఏ కొలత అన్నది. ఎక్కువ చాంబర్లు పోయేది ప్లగ్ విప్పేటప్పుడు కాదు, తప్పు ప్లగ్ ఎక్కించేటప్పుడు.

3/8 (ఇది పైపు సైజు పేరు, ప్లగ్ అడ్డకొలత కాదు) టేపర్ ప్లగ్‌లు రెండు రకాలు. అమెరికన్ ఎన్‌పీటీ పైపు మరకు అంగుళానికి 18 పళ్లు, పంటి కోణం 60 డిగ్రీలు. బ్రిటిష్ బీఎస్‌పీ టేపర్ మరకు 19 పళ్లు, కోణం 55 డిగ్రీలు. అడ్డకొలత మొదటిదానికి 17.1 మి.మీ., రెండోదానికి 16.66. కంటికి రెండూ ఒకటే. తేడా పంటి దూరంలో ఉంది: 1.411 మి.మీ. ఒకటి, 1.337 మి.మీ. ఇంకొకటి. బీఎస్‌పీ ప్లగ్‌ని ఎన్‌పీటీ రంధ్రంలో పెడితే మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిరిగి, ఆ తర్వాత గట్టిపడుతుంది. అది టేపర్ బిగువే అనుకుని పానా వేస్తే మర చిరుగుతుంది. బ్రిటిష్ బండి కాబట్టి బ్రిటిష్ పైపు మరే ఉంటుందన్న ఊహే ఇక్కడ కొంప ముంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్టాండర్డ్ ట్రయంఫ్ యూనిఫైడ్ (అమెరికా, బ్రిటన్ ఉమ్మడి) మరలకు మారింది. అదే కాలంలో ఆస్టిన్, మోరిస్ బండ్లు తయారుచేసిన బీఎంసీ వాళ్ల ఏ సిరీస్ ఇంజన్ బ్లాక్‌లో నీళ్లు వదిలే కుళాయి మాత్రం 1/4 బీఎస్‌పీగానే ఉండిపోయింది. ఒకే దేశం, ఒకే దశాబ్దం, మరలు మాత్రం వేరు.

ఈ బండి మీద మూడు ప్లగ్‌లకూ 18 పళ్ల మర గేజే (పళ్ల దూరం సరిచూసే రేకు) సరిగ్గా కూర్చుంది. మీ బండి ప్లగ్ యాభై ఏళ్లలో ఎన్నిసార్లు మారిందో తెలియదు కనుక మీది మీరు కొలవాల్సిందే. గేజ్ లేకపోతే వెర్నియర్‌తో ఏడెనిమిది పళ్ల దూరం కొలిచి భాగించండి. ఒక పంటికి తేడా 0.07 మి.మీ. మాత్రమే, ఏడు పళ్లకు అర మిల్లీమీటరు దాటుతుంది కాబట్టి చేతికి అందుతుంది. 1/2 అంగుళం సైజులో ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ రెండింటికీ 14 పళ్లే. లోపలికి సుఖంగా దిగుతుంది, కోణం వేరు కాబట్టి ఎంత బిగించినా ఊరుతూనే ఉంటుంది.

చాంబర్ ప్లగ్ విప్పిన తీరు

బండిని చదునైన నేల మీద నాలుగు స్టాండ్లపై ఎత్తాలి. జాకీ చాంబర్ కింద పెట్టకూడదు, ఛాసిస్ కమ్మీల కిందే పెట్టాలి. ప్లగ్ చుట్టూ ఉన్న రంగు, మడ్డి తీగ బ్రష్‌తో గీకి, తుప్పులోకి పాకే పెనట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేశాం. మర్నాడు ప్లగ్ తల మీద నిలువుగా చిన్న సుత్తితో ఇరవై ముప్పై దెబ్బలు. పెద్ద దెబ్బలు వద్దు. రేకు చాంబర్ లోపలికి సొట్టపోతే ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం వస్తుంది.

మొదటి ప్రయత్నం ఆకురాయితో. గుండ్రమైన తలను నాలుగు వైపులా రాకి, 10 మి.మీ. చదరం తీసి, 8 కోణాల 10 మి.మీ. సాకెట్ కొట్టి ఎక్కించాం. తిప్పగానే ప్లగ్ కదల్లేదు, దానికి బదులు చాంబర్ రేకు మెలిక తిరగడం కనిపించింది. అక్కడితో ఆపేశాం. తాడు తెగేదాకా లాగితే నష్టపోయేది ప్లగ్ కాదు, బాస్ అతుకు. అది పగిలితే చాంబర్ దించక తప్పదు. ఈ ఇంజన్‌లో చాంబర్ ముందు భాగం బోల్టులు అల్యూమినియం సీలింగ్ బ్లాక్‌లోకి దిగుతాయి, వాటి మరలు చాలా తేలిగ్గా ఊడివస్తాయి. ఒక పని రెండు పనులవుతుంది.

రెండో ప్రయత్నం నట్టు వెల్డింగ్. దీనికి ముందు డిప్‌స్టిక్ రంధ్రం గుండా సన్నగొట్టం వేసి ఆయిల్ మొత్తం లాగేశాం. లోపల ఆయిల్ ఉంటే వేడిని అది మింగేస్తుంది, పైగా పొగ లేస్తుంది. బ్యాటరీ రెండు తీగలూ ఊడదీయాలి. ఈ ఇంజన్‌కు పెట్రోల్ పంపు బ్లాక్ పక్కనే ఉంది కాబట్టి దాని గొట్టాలు విప్పి మూతులు మూసి, కింద తడి గోనె పరిచాం. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. ఇవేవీ వదలకూడదు.

ఎం12 నట్టును, జింకు పూత రాకేసి, తల మీద నిలబెట్టి, లోపలివైపు నుంచి మిగ్ వెల్డింగ్ నింపాం. నట్టు అంచు బయట వెల్డ్ చేస్తే ఒక్క తిప్పుకే ఊడిపోతుంది, పట్టు లోపల గుంటలోనే ఉండాలి. ఎర్రదనం పోయేదాకా ఆగి, చేయి పెట్టలేనంత వేడి ఇంకా ఉండగానే 19 మి.మీ. సాకెట్ వేసి ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదిపి, తర్వాత విప్పాం. వచ్చేసింది. ఇక్కడ అసలు పనిచేసేది నట్టు అందించే పట్టుకన్నా ఆ వేడి. ప్లగ్ వేడికి వ్యాకోచించి తుప్పును నలిపి, చల్లారుతూ ముడుచుకుంటుంది. తిరిగే మొదటి పావు చుట్టుకు అదే దారి చేస్తుంది.

ప్లగ్‌లో రంధ్రం చేసి ఎక్స్‌ట్రాక్టర్ (పట్టేసినదాన్ని లోపలి నుంచి పట్టి విప్పే పనిముట్టు) దించడం మాకు చివరి దారి. అది గట్టి ఉక్కు, లోపల విరిగిందంటే దాన్ని తొలవడానికి డ్రిల్లు బిట్ చాలదు.

బయటికి వచ్చిన ప్లగ్ మీద టేపు మూడు పొరలుంది. చాంబర్ అడుగున ఉన్న ఆయిల్‌లో టేపు ముక్కలు రెండు దొరికాయి. ఈ తెల్ల పీటీఎఫ్ఈ టేపు నీళ్ల పైపులకు మంచిది. ఇక్కడ దాని పోగు తెగి లోపలికి పోతే చేరేది ఆయిల్ పంపు జల్లెడ దగ్గరికే.

ఆయిల్‌లో ఏముందో చూడటం

ఆయిల్‌ని నేరుగా డబ్బాలో పారబోయకుండా తెల్ల ట్రేలో పట్టి, అయస్కాంతం తిప్పి చూడాలి. మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. చంద్రవంక ఆకారంలో పలచటి ముక్క కనిపిస్తే అది క్రాంక్ త్రస్ట్ వాషర్, అంటే క్రాంక్ షాఫ్టు ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపేది. ఈ ఇంజన్‌కు పేరుమోసిన బలహీనత అది. అరిగి అరిగి చివరికి జారి చాంబర్‌లో పడుతుంది, క్రాంక్ వెళ్లి బ్లాక్‌నే రాపిడి పెడుతుంది. అనుమానం ఉంటే ఒకరిని క్లచ్ తొక్కమని, ముందు పుల్లీ వైపు చూడండి. కంటికి కనిపించేటంతగా పుల్లీ ముందుకు జరిగితే ప్లగ్ సంగతి పక్కన పెట్టి చాంబర్ దించాల్సిందే. బండిలో ఇంజన్ ఉండగానే చాంబర్ తీసి ఆ వాషర్లు మార్చుకోవచ్చు. ఈ బండికి ఆ జాడ లేదు.

మర శుభ్రం చేయడం, ఎంత లోతు

3/8-18 ఎన్‌పీటీ ట్యాప్ (మర కోసే పనిముట్టు) గాళ్లలో గట్టి గ్రీజు నింపి, చేత్తో తిప్పుతూ నాలుగు చుట్లు మాత్రమే వేశాం. టేపర్ ట్యాప్‌తో ఇదొక్కటీ గుర్తుండాలి. అది ఎంత లోతుకు దిగితే రంధ్రం అంత పెద్దదవుతుంది. ఒక చుట్టు ఎక్కువ వేస్తే కొత్త ప్లగ్ 1.41 మి.మీ. ఎక్కువ లోపలికి దిగుతుంది. బాస్ మందమే తక్కువ కాబట్టి రెండు మూడు చుట్లు అలా పోతే ప్లగ్‌కి బిగుసుకునే చోటు మిగలదు. అందుకే ట్యాప్ పాత మరను అనుసరించాలి తప్ప కొత్తది కోయకూడదు. తర్వాత అర లీటరు చవక ఆయిల్ పైనుంచి పోసి, తెరిచిన రంధ్రం గుండా వదిలాం. గ్రీజుకు అంటని రజను అది కడిగేస్తుంది.

మర పూర్తిగా చిరిగి ఉంటే ఏం చేయాలి? పాత టేపర్ మర మూతి దగ్గర 17 మి.మీ. దాకా వెడల్పుంటుంది. ఎం18×1.5 కోసం 16.5 డ్రిల్లు వేస్తే పాత పళ్ల గాట్లు కొత్త పళ్లలో మిగిలిపోతాయి, సగం పట్టే దొరుకుతుంది. ఎం20×1.5 అయితే 18.5 డ్రిల్లుకు పాతదంతా తుడిచిపెట్టుకుపోతుంది. 1/2 బీఎస్‌పీ సమాంతర మర అయితే 19 డ్రిల్లు. దానికి రబ్బరు అంచున్న డౌటీ వాషర్ హైడ్రాలిక్ షాపుల్లో దొరుకుతుంది. ఏది వేసినా బాస్ బయటి కొలత చూసి, చుట్టూ కనీసం 4 మి.మీ. లోహం మిగులుతుందని తేల్చుకున్నాకే డ్రిల్లు పెట్టాలి. చాంబర్ ఎలాగూ దింపితే పాత బాస్ కోసేసి, సమాంతర మరతో తిప్పించిన కొత్త ఉక్కు బాస్ అతికించడమే అన్నిటికన్నా మంచిది. రాగి వాషర్ వేసిన మామూలు బోల్టు ఆ తర్వాత ఏ ఇబ్బందీ పెట్టదు.

ఏ ప్లగ్ వేయాలి

చాంబర్‌కు ఆరు పలకల తల ఉన్న ఉక్కు టేపర్ ప్లగ్ వేశాం. సాకెట్ నిండుగా పడుతుంది, రేపు మళ్లీ పట్టేస్తే సుత్తి దెబ్బ తట్టుకుంటుంది. తల పాతదానికన్నా కిందికి దిగుతుందా లేదా అని వెర్నియర్‌తో చూసుకోవాలి. నేలకు ఇంత దగ్గరగా కూర్చునే బండికి రోడ్డు మీది రాయి ముందు తగిలేది అక్కడే. ఆ కారణంగానే మీట ఉన్న కుళాయి రకం డ్రెయిన్ వాల్వులను ఈ బండ్లకు మేము ఒప్పుకోం.

తల లేకుండా, లోపల ఎలెన్ కీ గుంట ఉన్న రకం చూడటానికి బాగుంటుంది. 3/8 ఎన్‌పీటీకి 5/16 కీ పడుతుంది. 5/16 అంటే 7.94 మి.మీ., అందుకే 8 మి.మీ. కీ కొట్టి ఎక్కించాలనిపిస్తుంది, కొట్టవద్దు. గుంటలో మట్టి చేరి గట్టిపడుతుంది, విప్పేముందు సూదితో తవ్వి కీ అడుగుదాకా దిగిందని చూడాలి. దీని అసలు లోపం, తల లేదు కాబట్టి ఎంతదాకా దిగిందో కంటికి తెలియదు. మందమైన పోత ఇనుము ఉన్న చోట పర్వాలేదు. పలచటి చాంబర్ బాస్‌కు వద్దు.

ఇత్తడి ప్లగ్ తుప్పుకు పట్టేయదు, నిజమే. కానీ మెత్తన, ఆ తల గుండ్రమవడానికి పెద్ద సమయం పట్టదు.

బిగించడం

మర రెండు వైపులా బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ప్లగ్ లోపలికి దిగే కొన దగ్గరి రెండు పళ్లు వదిలేసి మిగతా పళ్లకు లోక్‌టైట్ 567 లాంటి పేస్టు సీలెంట్ పలచగా రాశాం. మామూలు ఎన్‌పీటీ పళ్ల కొనలకు, గాళ్లకు మధ్య సన్నని సందు చుట్టూతా తిరుగుతూ ఉంటుంది, సీలెంట్ పూడ్చేది దాన్నే. దాని పని చేయించడానికి బలం వాడితే మొదటి మూలలు పోయినట్టే ఇవీ పోతాయి.

చేత్తో తిరిగినంత తిప్పాలి. కనీసం మూడు నాలుగు చుట్లు నునుపుగా దిగాలి. రెండు చుట్లకే ఆగితే మర తప్పింది, తీసి మళ్లీ కొలవండి. చేయి ఆగిన చోట తల మీద మార్కర్‌తో గీత గీసి, పానాతో ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర. టార్క్ రెంచ్ మీద ఇక్కడ మాకు నమ్మకం లేదు. సీలెంట్ ఉన్న టేపర్ మరలో రాపిడి ఎంతో చెప్పలేం, అదే అంకెకు ఒకసారి అర చుట్టు, ఇంకోసారి రెండు చుట్లు దిగుతుంది. గీతను చూసి తిప్పడమే సరైన కొలత.

గేర్‌బాక్స్, డిఫరెన్షియల్

ఈ రెండింటిలో ముందు పై ప్లగ్ (ఆయిల్ పోసే లెవెల్ ప్లగ్) విప్పాలి, తర్వాతే ఆయిల్ దించాలి. అడుగు ప్లగ్ విప్పి ఆయిల్ అంతా వదిలేశాక పై ప్లగ్ రాలేదంటే బండి కదలడానికి వీల్లేదు.

గేర్‌బాక్స్ పై ప్లగ్ సులువుగా వచ్చింది. అడుగుదానికి రెండు మూలలు మిగిలాయి కదా, 8 కోణాల 7/16 సాకెట్ సుత్తితో ఎక్కించి, పొడుగు కమ్మీతో నెమ్మదిగా తిప్పితే అదీ వచ్చింది. లోపలి గోడకు మడ్డి అంటుకుని ఉంటుంది కాబట్టి బండిని ఒక పది కిలోమీటర్లు తిప్పి, వేడి మీద వదిలితే అది కూడా దిగుతుంది.

డిఫరెన్షియల్‌కు అడుగు ప్లగ్ ఉన్నవీ ఉన్నాయి, లెవెల్ ప్లగ్ ఒక్కటే ఉన్నవీ ఉన్నాయి. ఈ బండికి ఒక్కటే, అదే పట్టేసింది. ఇక్కడ ప్లగ్‌ని కాదు, దాని చుట్టూ ఉన్న కాస్టింగ్‌ని వేడి చేయాలి. హాట్ ఎయిర్ గన్‌తో పది నిమిషాలు వేడి చేసి, ప్లగ్ నడుమ ఒక ముక్క మైనం ఆనిస్తే కరిగి మరల్లోకి పాకుతుంది. గ్యాస్ మంట పెట్టలేదు, యాక్సిల్ షాఫ్టుల ఆయిల్ సీళ్లు దగ్గర్లోనే ఉన్నాయి. రెండో విడత వేడికి కదిలింది. పాత ఆయిల్ సన్నగొట్టం వేసి సిరంజి పంపుతో లాగాం. అడుగున కొంచెం మిగులుతుంది కాబట్టి 200 మి.లీ. కొత్త ఆయిల్ పోసి, చక్రాలు చేత్తో తిప్పి, మళ్లీ లాగాం. పోత ఇనుముకు లోహం మందంగా ఉంది, తగిలే రాయీ లేదు కనుక ఇక్కడ ఎలెన్ కీ రకం ప్లగ్ వేశాం. గేర్‌బాక్స్ అడుగుకు మాత్రం ఆరు పలకల తలే.

పోసిన ఆయిల్

ఇంజన్‌కు 20డబ్ల్యూ-50, కొత్త ఫిల్టరుతో. 4 లీటర్లు పోసి, కాసేపాగి, మిగతాది డిప్‌స్టిక్ చూస్తూ పోయాలి. ఓవర్‌డ్రైవ్ (అదనపు వేగపు గేరు) లేని గేర్‌బాక్స్‌కు సుమారు 0.85 లీటరు. అక్కడ జీఎల్-4 రకం 80డబ్ల్యూ-90 మాత్రమే వాడాలి, జీఎల్-5లో ఉండే గంధకపు రసాయనాలు గేర్లు నునుపుగా పడేలా చేసే పాత సింక్రో రింగుల ఇత్తడి జాతి లోహానికి పడవు. డిఫరెన్షియల్‌కు సుమారు 0.57 లీటరు, అక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగే హైపాయిడ్ గేర్లు కాబట్టి ఈపీ 90 జీఎల్-5 సరైనదే. రెండు డబ్బాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, పోసేముందు పేరు చదవండి. లెవెల్ రంధ్రం అంచు నుంచి పొంగేదాకా పోసి, పొంగు ఆగాకే ప్లగ్ పెట్టాలి. బండి ఏ వైపుకు వాలినా లెవెల్ తప్పుతుంది. ఈపీ 90 డబ్బా తెరిచే ఉంది కాబట్టి ముందు చక్రాల సస్పెన్షన్ ట్రనియన్లకు (చక్రాలు మలుపు తిరిగే మర కీళ్లకు) కూడా అదే పోశాం. ఆ చోట గ్రీజు వాడితే మరల దాకా చేరక, కీలు అరిగి విరిగి, చక్రం పక్కకు పడిపోయే బండి ఇది.

తర్వాత

సీలెంట్ ఆరడానికి రాత్రంతా వదిలి, మర్నాడు ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, ప్లగ్‌ల కింద తెల్ల కాగితం పరిచాం. చాంబర్, గేర్‌బాక్స్ పొడిగా ఉన్నాయి. డిఫరెన్షియల్ ప్లగ్ దగ్గర గంటలో ఒక చిన్న తడి మరక పడింది. దాన్ని బిగించలేదు. ఆ మరక నిజంగా కారడమా, విప్పినప్పుడు కాస్టింగ్ గాళ్లలో మిగిలిన పాత ఆయిలా అని తేలాలి. తుడిచి, టాల్కం పౌడర్ చల్లి, 20 కిలోమీటర్లు తిప్పి చూస్తే పౌడర్ పొడిగానే ఉంది.

కొత్త ప్లగ్‌ల వివరాలు ఒక చిన్న రేకు మీద పంచ్ చేసి బానెట్ కింద కట్టాం: చాంబర్ 3/8-18 ఎన్‌పీటీ, ఆరు పలకల తల, గేర్‌బాక్స్ అడుగు అదే, డిఫరెన్షియల్ 3/8-18 ఎన్‌పీటీ, 5/16 కీ. చాంబర్ ప్లగ్ మీద గీసిన గీతకు ఎదురుగా బాస్ మీద ఎర్ర రంగు చుక్క పెట్టాం. మళ్లీ ఆయిల్ మార్చేవాళ్లు ప్లగ్‌ని ఆ చుక్క దాకా తిప్పి ఆపాలి.